ఒట్టి నామం ఉంటుందా?

వస్తువు ముందు తనంతట తానుగా ఉండి, ఆ తర్వాత ఇతర వస్తువులతో సంబంధంలోకి వస్తుందా, లేక సంబంధం లేనిదే దానికి ఉనికి లేదా అన్న ప్రశ్న ప్రాచీన గ్రీకు తాత్త్వికుల మధ్య ఒక వ్యాకరణ వివాదంలో తొంగిచూసింది. అరిస్టాటిల్ ప్రథమలో నిలిచిన మాటను మాత్రమే నామంగా అంగీకరించి, తక్కిన విభక్తిరూపాలు దాని నుండి 'పడినవి' అన్నాడు. స్టోయిక్కులు ప్రథమ కూడా మనసులోని భావం నుండి పడినదే కనుక అదీ విభక్తేనని వాదించారు. విభక్తికి లాటిన్ పేరైన 'కాసుస్' పడటమనే అర్థమున్న ధాతువు నుండే పుట్టింది.

ప్రథమలో ఏ ప్రత్యయమూ కనిపించని 'కోన్సుల్' వంటి నామాలను పక్కన పెడితే, లాటిన్ స్టోయిక్కుల పక్షాన ఉన్నట్టు తోస్తుంది. యజమాని అని అర్థమిచ్చే 'డొమినుస్'లో చివరి 'ఉస్' ప్రథమనూ ఏకవచనాన్నీ ఒక్కటిగా తెలుపుతుంది. దాన్ని తొలగిస్తే మిగిలేది ప్రాతిపదిక, అనగా ప్రత్యయం చేరని మూలరూపం, అది విడిగా ఎవరి నోటా పలకదు. హంగేరియన్‌లో మాత్రం ఇల్లు అనే అర్థంలో 'హాజ్' ఏ ప్రత్యయమూ లేకుండానే పూర్తి పదం; 'హాజక్' అంటే ఇళ్లు, 'హాజక్‌బన్' అంటే ఇళ్లలో. అరిస్టాటిల్ కోరిన నామం ఇక్కడ దొరికిందనిపిస్తుంది.

అయితే ఆ ప్రత్యయాల పుట్టుక వేరే కథ చెబుతుంది. 1055లో మొదటి అంద్రాష్ రాజు తిహాన్ మఠానికి ఇచ్చిన దానపత్రం లాటిన్‌లో ఉన్నా, పొలిమేరలు వివరించేచోట హంగేరియన్ మాటలు కలిశాయి. నేడు 'మీదికి' అనే అర్థంలో నామానికి అంటుకొని, దానిలోని అచ్చులను బట్టి 'ర' అనో 'రె' అనో పలికే ప్రత్యయం అందులో 'రెయా' అనే విడి మాటగా కనిపిస్తుంది. 'బన్' సంగతి ఇంకా విశేషమైనది: లోపలి భాగాన్నీ, పేగులనూ తెలిపే 'బేల్' అనే నామమే దానికి మూలం. తెలుగు 'లో'కూ 'లోపల'కూ ఉన్న చుట్టరికం ఎరిగిన పాఠకుడికి ఇది వింతగా తోచదు. వస్తువును చెప్పిన మాటే అరిగి సంబంధాన్ని చెప్పే గుర్తుగా మారినప్పుడు, ఆ రెండూ స్వభావంచేతనే వేరని భాషను సాక్ష్యంగా నిలపడం చెల్లదు.

ఇక 'హాజ్' నిజంగా ఒట్టి నామమేనా అన్నది మిగిలింది. సంస్కృతంలో 'వాక్' వంటి పదాలకు ప్రథమాప్రత్యయం చేరి లోపించిందని పాణిని విధించాడు; వినిపించని ప్రత్యయానికి కూడా పని ఉంటుందని దాని తాత్పర్యం. 'హాజ్' అన్నా వాక్యంలో అది కర్తగానో మరొక స్థానంలోనో నిలిచే తీరుతుంది గనుక, ఈ వివాదంలో స్టోయిక్కుల వాదమే బలమైనది.