నెరసిన వెండ్రుక చెప్పిన రహస్యము



తిరుమల కొండ నెక్కిన యాత్రికులలో పెక్కుమంది స్వామి దర్శనమునకు ముందుగా కల్యాణకట్టకు పోయి తలవెండ్రుకలను సమర్పించుకొందురు. వానికి మన పెద్దలు పెట్టిన పేరు తలనీలాలు. నీలమనగా నల్లనిది. ఏడాది నిండిన పసివాని మెత్తని జుట్టైనను, నడివయస్సు ఇల్లాలి నిడుద జడయైనను, ఎనుబదియేండ్ల వృద్ధుని ముగ్గుబుట్ట వంటి తలయైనను అచ్చట పేరొక్కటే. తెల్లని వెండ్రుకలకు సైతము నీలములనియే వ్యవహారము. ఈ మాటను నేను చిన్ననాటినుండి వినుచునే యుంటిని. కాని అందలి విశేషము అరువదియేండ్లు నిండువరకు నాకు తోచలేదు. అది తోచుటకు నేను చేసిన పొరపాటొకటి కారణమైనది. దానిని దాచక చెప్పుటకే ఈ వ్యాసము.

నేటి గృహములలో తరచుగా వినవచ్చు ప్రశ్న యొకటి కలదు. “తల నెరసినది. రంగు వేసికొందునా, ఉన్నదున్నట్లు విడిచిపెట్టుదునా?” పిల్లలు వేసికొమ్మందురు. ఇరుగుపొరుగువారు వేసికొన్నచో నవ్వుదురు, వేసికొననిచో జాలిపడుదురు. “పూజలు, వ్రతములు చేసికొనువారు రంగు వేసికొనవచ్చునా? శాస్త్రమేమి చెప్పుచున్నది?” అని నన్నడిగిన గృహస్థులు, గృహిణులు అనేకులు కలరు.

శాస్త్రము సంగతి మొదట చెప్పుదును. తలకు రంగు వేయుట నిన్న మొన్న పుట్టినది కాదు. క్రీస్తుశకము 6వ శతాబ్దమున వరాహమిహిరుడు రచించిన బృహత్సంహితలో గంధయుక్తి యను అధ్యాయము కలదు. సుగంధద్రవ్యముల కూర్పును చెప్పు ఆ అధ్యాయము తలరంగుతోనే మొదలగుచున్నది. తల తెల్లబడినవానికి పూలదండలు, పరిమళములు, మంచి వస్త్రములు శోభింపవు గనుక ముందుగా జుట్టును చక్కబరచుకొనవలెనని ఆ మహాపండితుని యభిప్రాయము. ఇనుపపాత్రలో పులుసునందు ఆళ్లను ఉడికించి, ఇనుపపొడి చేర్చి, మెత్తగా నూరి తలకు పట్టించు విధానమునుగూడ ఆయన వివరించెను. కావున రంగు వేసికొనుట మహాపాతకమని ఎవరైన గద్దించినచో, వారు వరాహమిహిరుని చదువలేదని గ్రహింపవలెను.

ఇక నెరయుటకు కారణమేమి? క్రోధము, శోకము, శ్రమ వీనివలన దేహమందలి వేడిమి తలకెక్కి, పిత్తముతో కూడి వెండ్రుకలను పండించునని సుశ్రుతసంహిత చెప్పుచున్నది. వెండ్రుక కుదుళ్లలో మెలనిన్ అను వర్ణద్రవ్యమును పుట్టించు కణములు క్రమముగా తగ్గిపోవుటయే కారణమని నేటి వైద్యులు చెప్పుచున్నారు. వంశమును బట్టి కొందరికి ముందుగను, కొందరికి ఆలస్యముగను ఇది సంభవించును. ఇందు పాపమును లేదు, పుణ్యమును లేదు.

అట్లని తెల్లని తల గౌరవచిహ్నమని మురియుటకును శాస్త్రమంగీకరింపదు. భారతమున వనపర్వమందు అష్టావక్రుని కథ కలదు. పండ్రెండేండ్లైన నిండని ఆ బాలుని జనకమహారాజు ద్వారపాలకుడు అడ్డగించి, లోనికి పెద్దలకే ప్రవేశమనెను. తల నెరసినంత మాత్రమున ఎవడును పెద్ద కాడనియు, జ్ఞానము కలవాడు బాలుడైనను పెద్దయే యనియు అష్టావక్రుడు సమాధానమిచ్చెను. మనుస్మృతియు ఈ మాటనే చెప్పుచున్నది. నలుపు దోషము కాదు, తెలుపు గుణము కాదు. ఈ రెండు వాక్యములును నేను పాఠశాలలో శిష్యులకు ముప్పదియేండ్లు బోధించినవే. బోధించితిని గాని నేర్చుకొనలేదు.

నా సంగతి వినుడు. నలుబదియైదవ యేట నా తల నెరయ నారంభించెను. అప్పటినుండి ఉద్యోగవిరమణము వరకు నేను రంగు వేసికొంటిని. పక్షమున కొకసారి ఆదివారమునాడు నా ఇల్లాలు గిన్నెలో రంగు కలిపి, చెవుల వెనుక అంటకుండ నూనె రాచి, నాకు పట్టించెడిది. 2018వ సంవత్సరమున ఉద్యోగము విడిచినపిమ్మట ఇరువురమును తిరుమలకు పోయితిమి. మ్రొక్కు తీర్చుకొని తలనీలాలు సమర్పించితిని. నెల గడచుసరికి మొలచిన జుట్టంతయు తెల్లనిదే. “మరల రంగు కలుపుదునా?” అని ఆమె యడిగెను. “వద్దు, ఇక చాలు” నంటిని. అంతవరకు బాగుగనే యున్నది. కాని రంగు పోయినచోట గర్వము మొలచినది. అద్దములో చూచుకొన్నప్పుడెల్ల నేనేదో త్యాగము చేసితినని తలచుచుంటిని. రంగు వేసికొన్న సమవయస్కులు ఎదురుపడినచో లోలోపల నవ్వుకొనుచుంటిని.

2019వ సంవత్సరపు ధనుర్మాసమున మా యూరి దేవాలయములో తెల్లవారుజామున తిరుప్పావై సేవాకాలము ముగిసిన పిదప రామాయణ ప్రవచనము చేయుచుంటిని. అయోధ్యాకాండ వచ్చినది. దశరథమహారాజు నిండుసభలో, శ్వేతచ్ఛత్రపు నీడలోనే తన దేహము ముసలిదైనదనియు, ఇక విశ్రాంతి కోరుచున్నాననియు చెప్పు ఘట్టము. ప్రసంగవశమున నేనొక చమత్కారము విసరితిని. “నేటివారు జుట్టుకు మసి పూసికొన్నంత మాత్రమున చిత్రగుప్తుని లెక్కలకు మసి పూయగలరా?” సభ గొల్లుమన్నది. స్తంభము ప్రక్కన పూలబుట్ట ముందుంచుకొని మాల కట్టుచున్న ఒక అమ్మ మాత్రము నవ్వలేదు. కొంగు తలమీదికి లాగికొనెను. నేను చూచితిని. చూచియు కథ కొనసాగించితిని.

మరునాడు ఆమె రాలేదు. మూడవనాడును రాలేదు. స్వామికి మాల వేరొకరు కట్టిరి. అర్చకులవారి నడుగగా వారు చెప్పిన సంగతి ఇది. ఆమెకు ఏబదియైదేండ్లు. భర్త పక్షవాతముతో మంచము పట్టియున్నాడు. ఆమె బట్టల కొట్టులో పని చేయుచున్నది. వయస్సు మళ్లినవారు చీరలు చూపినచో బేరములు తగ్గునని యజమాని రెండుమూడు పర్యాయములు సూచించెను. అందువలన ఆమె తలకు రంగు వేసికొనుచున్నది. వేకువనే గుడికి వచ్చి స్వామికి పుష్పకైంకర్యము చేసి, అటనుండియే కొట్టునకు పోవుచుండెడిది.

ఆ సాయంకాలమే ఆమె ఇంటికి పోయితిని. “అమ్మా! నా మాట నీకు నొప్పి కలిగించినది. నన్ను క్షమింపుము” అంటిని.

“అయ్యో, పెద్దలు మీరట్లనరాదు స్వామీ! మీరు చెప్పినదాంట్లో అబద్ధమేమున్నది? తల నల్లబడినది గాని మోకాళ్లు మరచిపోవునా? పొద్దుగూకుసరికి అవియే నా వయస్సు చెప్పును. నాకున్న సందేహమొక్కటే. ఇట్టి తలతో స్వామి యెదుట కూర్చుండి మాల కట్టవచ్చునా?”

ఆమె నుదుటి అంచున రంగు తగిలినచోట చర్మము కంది, పొక్కియుండెను. ఆ కందినచోటు చూచిన పిదప వరాహమిహిరుడును మనువును నాకు నోటికి రాలేదు. తోచినదొక్కటే, కల్యాణకట్ట. “అమ్మా! కొండమీద స్వామి రంగు చూచి తలనీలాలు పుచ్చుకొనుచున్నాడా? నేను రంగు వేసిన జుట్టే ఇచ్చితిని. పుచ్చుకొనెను గదా! తెల్లనివి ఇచ్చినను నీలములనియే పుచ్చుకొనును. నీ తల ఆయనకు అడ్డు కాదు. అడ్డమైనది నా నాలుక” అని చెప్పితిని. మరునాటి వేకువకు తులసియు చేమంతులును కలిపి కట్టిన మాల స్వామివారి మెడలో కనబడినది. ఆనాటి ప్రవచనమునకు ముందు, ఎవరి పేరును చెప్పక, మూడునాళ్ల క్రిందట నేనాడిన మాట తప్పని సభలో ఒప్పుకొంటిని.

భగవంతునియెడ చేసిన అపరాధమును ఆయన సహించుననియు, భాగవతులయెడ చేసిన అపరాధమును సులభముగ సహింపడనియు శ్రీవైష్ణవాచార్యులు హెచ్చరింతురు. పరుల తల చూచి వారి మనస్సును కొలుచుట భాగవతాపచారమే.

ఇచ్చట కాళిదాసు నాకు గురువైనాడు. రఘువంశము పండ్రెండవ సర్గలో దశరథుని వార్ధక్యమును గూర్చి ఆ మహాకవి చేసిన కల్పన ప్రసిద్ధము. ముసలితనము నెరసిన వెండ్రుక రూపమున రాజు చెవిదగ్గరకు వచ్చి, కైకేయి వినునేమో యను శంకతోవలె, రాజ్యలక్ష్మిని రామునియందుంచుమని రహస్యముగా చెప్పెనట. ఈ శ్లోకమును నేను ఎన్నిసార్లు పాఠము చెప్పితినో లెక్క లేదు. కాని అది గుసగుస యని, ఒక్క చెవికే వినబడు మాట యని, ఆ ధనుర్మాసముననే గ్రహించితిని. నా చెవిదగ్గరి వెండ్రుక నాకే చెప్పును. పరుల వెండ్రుక వారికి చెప్పును. వారికది చెప్పినదో లేదో, వారు వినిరో లేదో విచారించుటకు నేనెవడను? ఆ అమ్మ రంగు వేసికొనియు విన్నది. నేను రంగు మానియు వినలేదు.

ఇంకను విశేషమున్నది. ఉంచుమను అర్థమున కవి వాడిన క్రియ న్యాసశబ్దమునకు మూలమైన ధాతువునుండి పుట్టినది. న్యాసమనగా మన సంప్రదాయమున శరణాగతియే. నీదని నీవు పట్టుకొన్నదానిని రామునియందుంచుము. ఇదియే నెరసిన వెండ్రుక చెప్పు రహస్యము. ఇంటి తాళపుచెవులు కోడలికిచ్చుట, కొడుకు సంపాదనలో జోక్యము మానుట, ఏండ్లతరబడి మాటలు లేని తోబుట్టువును పలుకరించుట, తీర్పవలసిన ఋణము తీర్చుట, వేకువ కొంతసేపైన నామస్మరణకు కేటాయించుట, ఇవియన్నియు ఆ రహస్యమును విన్నవారి లక్షణములు. జుట్టు రంగు ఆ లక్షణములలో లేదు.

వార్ధక్యమెట్లుండవలెనో తిరుమలనంబిగారి వలన తెలిసికొనవచ్చును. స్వామి యభిషేకమునకు తీర్థము మోసి తెచ్చిన ఆ మహనీయుడు భగవద్రామానుజులకు మేనమామ, ఆచార్యుడు. రామానుజులు తొలిసారి కొండ నెక్కివచ్చినప్పుడు నంబిగారు ప్రసాదము చేతబట్టుకొని స్వయముగా ఎదురేగిరి. “తమరు రావలెనా? ఎవరైన చిన్నవారిని పంపకూడదా?” అని రామానుజులు నొచ్చుకొనగా, “నాలుగు వీథులును వెదకితిని, నాకన్న చిన్నవాడు కనబడలేదు” అని నంబిగారనిరని గురుపరంపర చెప్పుచున్నది. నా తెల్లని తలకు ఆ వాక్యము అప్పటికి అబ్బియున్నచో, నా నోట ఆ చమత్కారము వచ్చెడిది కాదు.

ఇక నన్నడిగిన గృహస్థులకును గృహిణులకును నా సమాధానమిది. జీవనోపాధికై రంగు వేసికొనువారిని నిందింపరాదు. ఇంటివారి సంతోషమునకై వేసికొన్నను దోషము లేదు, అదియొక అలంకారము. నిత్యము స్వామికి అలంకారములు చేసి మురియు మనము అలంకారమును ద్వేషింపజాలము. అయితే వయస్సు దాచి పెండ్లి సంబంధము కుదుర్చుట వంటి మోసమునకు దానిని సాధనము చేయరాదు. దేహమునకు హాని కలిగినచో వెంటనే మానవలెను. నల్లరంగులలో తరచుగా చేర్చు పారాఫినిలీన్ డయామిన్ అను ద్రవ్యము కొందరి చర్మమునకు సరిపడదు. దురద, వాపు, పొక్కులు కలుగును. అందుచే తలకు పట్టించుటకు 48 గంటల ముందు మోచేతి మడతలోనో, చెవి వెనుకనో కొంచెము రాచి పరీక్షింపవలెను. ఒకసారి పొక్కినవారు దానిని మరల ముట్టక వైద్యుని చూడవలెను. ఉన్నదున్నట్లు విడుచుటకు ఇష్టపడువారు నిశ్చింతగ విడువవచ్చును. అయితే నావలె దానిని బిరుదముగా ధరింపరాదు.

తెలుగుభాష తల నెరసిన అనుభవజ్ఞుని తల పండినవాడనుచున్నది. పండిన పండు తొడిమను తానే విడుచును. సంస్కృతమున నెరసిన జుట్టునకు పలితమని పేరు. ఆ పలితము మనకు ఫలితమగునో కాదో నిర్ణయించునది రంగు గిన్నె కాదు, చెవిలో చెప్పిన మాటను మనము విన్న తీరు. నల్లనివానిని తెల్లనివానిని ఒక్క పేరుతో నీలములని స్వీకరించు ఆ శ్రీనివాసుడు, మన తలల నేగాక తలపులనుగూడ అట్లే స్వీకరించి కాపాడుగాక!