అడుగుల లెక్క

ఒకరి భక్తిని, వాళ్ళ మేలు కోసమే అయినా, వాడుకోవచ్చా?

అమెరికాలోని శాన్ డియేగో ప్రాంతంలో జరిగిన ఒక అధ్యయనం గురించి చదువుతుంటే ఈ ప్రశ్న పట్టుకుంది. పేరు ‘ఫే ఎన్ ఆక్సియోన్’. ఆచరణలో విశ్వాసం అని చెప్పుకోవచ్చు. 16 కాథలిక్ చర్చిలు, 436 మంది లాటినా స్త్రీలు. సగం చర్చిల్లో, స్థానిక స్త్రీలకే శిక్షణ ఇచ్చి వాళ్ళ చేత నడక బృందాలు, డాన్సు, వ్యాయామం క్లాసులు నడిపించారు. వీళ్ళని ప్రొమొతోరాలు అంటారు. డాక్టర్లు కారు, నర్సులు కారు. పేటలో నలుగురూ నమ్మే మనుషులు. మన ఆశా కార్యకర్తలకి దూరపు చుట్టాలనుకోండి. మిగతా సగం చర్చిల్లో కేన్సర్ పరీక్షల గురించి పాఠాలు చెప్పారు. పోలిక కోసం వాళ్ళని ఉత్త చేతులతో కూర్చోబెట్టలేదు, అది నాకు నచ్చింది. 12 నెలల తర్వాత యాక్సెలరోమీటర్ పెట్టి కొలిస్తే, వ్యాయామం చేయించిన చర్చిల వాళ్ళే ఎక్కువ కదిలారని తేలింది.

ఫలితం మంచిదే. కానీ మా వృత్తిలో ఇలాంటిదాన్ని ‘ఛానల్’ అంటాం. జనం ఎలాగూ వచ్చే చోటు చూసుకుని మన సరుకు అక్కడ పెట్టడం. చర్చిలో ఉన్న నమ్మకం ఒక్కరోజులో వచ్చింది కాదు. బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, చావులు, వీటన్నిటి మధ్యా తరాలుగా పోగైంది. దాన్ని బయటివాళ్ళు వచ్చి ఖర్చు పెడుతున్నారేమో అన్నది నా అనుమానం.

ఇంకో ఇబ్బంది కూడా ఉంది. డాక్టరు నడవమంటే సరేనని తలూపి ఇంటికొచ్చి పడుకోవచ్చు. ఆయన మన వీధిలోకి రాడు. ప్రతి ఆదివారం పక్క బెంచీలో కూర్చునే మనిషి అడిగితే కాదనడం ఎలా? ఆరోగ్య కార్యకర్తలకిచ్చే ఇలాంటి శిక్షణల్లో మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ అనే పద్ధతి తరచుగా కనిపిస్తుంది. నువ్విది చెయ్యి అని చెప్పరు, నీకెందుకు చెయ్యాలనుందో నీ నోటితోనే చెప్పిస్తారు. ఇది మర్యాదా, లౌక్యమా? చేసే మనిషిని బట్టి అనిపిస్తుంది నాకు. ‘వద్దు’ అన్న మాట విని ఊరుకోవడం కూడా ఆ శిక్షణలో భాగమైతే మర్యాద. లేకపోతే మా కంపెనీల్లో గ్రోత్ టీములు చేసే పనే.

ఇక్కడ మా అమ్మ గుర్తొస్తుంది. పార్కుకి రమ్మంటే రాదు. ఇంట్లో పని వదిలేసి షోకుగా నడవడమేమిట్రా అంటుంది. అదే మనిషి, మొక్కు తీరిందని చిలుకూరు బాలాజీ గుడిలో 108 ప్రదక్షిణలు చేసింది. ఇంట్లో ఎవరూ ఎందుకని అడగలేదు, అన్నం ఆలస్యమైందని విసుక్కోలేదు. గుడి ఆమెకి ఆ పూట సెలవిచ్చింది. శాన్ డియేగోలోనూ చర్చి ఇచ్చింది ప్రధానంగా ఈ సెలవేనేమో! పిల్లలూ, భర్తా, వంటా అయ్యాక మిగిలేది తనకి అనుకునే ఆడవాళ్ళకి, ఒళ్ళు చూసుకోవడం స్వార్థం కాదని చెప్పే చోటొకటి కావాలి. దేహం దేవాలయమన్న మాట కొరింథీయులకు పౌలు రాసిన ఉత్తరంలో ఎప్పటినుంచో ఉండనే ఉంది.

అయితే ఆ గంట దేవుడి పేరు మీద దొరికింది, ఆమె పేరు మీద కాదు. ‘నాకోసం నేను నడుస్తున్నా’ అనే హక్కు అలాగే మూలన పడి ఉంది. స్త్రీవాదులెవరైనా ఇందుకు విసుక్కుంటే నేను తప్పు పట్టను. అయినా నా ఓటు ప్రొమొతోరాలకే. హక్కు ఒప్పుకునేదాకా మోకాళ్ళు ఆగవు. అరువు కారణంతో నడిచినా గుండెకి అందేది అందుతుంది.

ఒక్కటి మాత్రం ఒప్పుకోలేను. అమ్మ ఆ రోజు తిరిగింది దేవుడి కోసం. నా వాచీ ఆమె చేతికుంటే అడుగులు పడేవి నిజమే, కానీ ఆ లెక్క నాది, ఆమెది కాదు. ఆమె చేసిన పనికి ‘వ్యాయామం’ అని పేరు పెట్టి, భక్తిని దాని పైన చుట్టిన కాగితంలా చూస్తే అది ఆవిడకి అవమానం.

అందుకే ఇలాంటి అధ్యయనాల్లో నేను ఫలితాల పట్టికకన్నా ఆ తర్వాతి ఆదివారం గురించి ఎక్కువ ఆలోచిస్తాను. గ్రాంటు అయిపోయింది, కొలిచేవాళ్ళు వెళ్ళిపోయారు, ఒకావిడ నడక మానేసింది. చర్చి మెట్ల దగ్గర ఎదురుపడితే ప్రొమొతోరా ముందుగా ఏమడుగుతుంది, నడక ఎందుకు మానేశావనా, మనవడికి జ్వరం తగ్గిందా అనా?