అంటురోగము వేరు, సూతకము వేరు

తెలుగులో 'అంటు' అను మాటకు రెండర్థములు కలవు. ఒకరినుండి వేరొకరికి సోకు వ్యాధిని అంటురోగమందురు. పురుడు, చావు మున్నగువాని వలన కలుగునని లోకము నమ్ము మైలను గూడ అంటు అనియే యందురు. మాట యొక్కటి యగుటచే ఈ రెండును ఒక్కటియే యను భ్రమ కలుగుట సులభము. మహమ్మారి ప్రబలిన వేళ ఈ భ్రమ ప్రాణముల మీదికి వచ్చును.

పండ్రెండవ శతాబ్దమున కల్యాణ పట్టణమునందు బసవేశ్వరుడును తోడి శరణులును జననము, మరణము, రజస్సు, ఎంగిలి, కులము అనువాని వలన కలుగునని చెప్పబడు ఐదు సూతకములను నిరాకరించిరి. ఇష్టలింగధారికి మైల లేదనిరి. ఈ బోధ వినుచు పెరిగిన లింగాయత బిడ్డలు నర్సులుగనో, వైద్యులుగనో, ఆశా కార్యకర్తలుగనో అంటువ్యాధుల నెదుర్కొను వృత్తిలో ప్రవేశించినపుడు వారికొక ధర్మసందేహము ఎదురగును. సూతకమే లేదన్నవారు రోగికి ఎడముగా నుండవచ్చునా?

సూతకము మనిషిపై వేయు ముద్ర. అంటురోగము కంటికి కానరాని క్రిమి చేయు పని. ఆ క్రిమికి కులము తెలియదు. భక్తుడు, భవి అను భేదము తెలియదు. కావున ముఖమునకు మాస్కు కట్టుకొనుట, చేతులు కడుగుకొనుట, రోగిని వేరు గదిలో నుంచుట సూతకమును పాటించుట కాదు. తన మూలమున ఇతరులకు కీడు కలుగకుండ చూచుట. దేహమును దేవాలయముగా నెంచిన మతమునకు దేహరక్షణ పరధర్మము కాదు. "మాకు సూతకము లేదు గనుక మాకేమియు సోకదు" అనువాడు బసవన్న విడువుమన్న మూఢనమ్మకమునే వేరొక రూపమున పట్టుకొనుచున్నాడు.

దీనికి ఎదురైన దోషము, జాగ్రత్త పేరిట పాత వెలిని మరల తెచ్చుట. 2020 ఏప్రిలులో చెన్నై నగరమున కోవిడ్ వలన మరణించిన ఒక వైద్యుని ఖననము చేయనీయక కొందరు రాళ్లు రువ్విరి. ప్రజలకు చికిత్స చేసినవానికి ఆరడుగుల నేల ఇచ్చుటకే జంకిరి. అంతకు ముందు నెలలో కేంద్ర ఆరోగ్య శాఖ ప్రకటించిన నియమములలో మృతదేహమునకు స్నానము చేయించుట, కౌగిలించుకొనుట కూడదని యుండెను. బంధువులు కడసారి ముఖము చూచుటకు, దేహమును తాకకుండ కర్మలు జరుపుకొనుటకు అనుమతి యుండెను. అనగా శాస్త్రము తాకవద్దనెనే గాని వెలివేయుమనలేదు. ఆ మార్చిలోనే ప్రపంచ ఆరోగ్య సంస్థయు 'సామాజిక దూరము' అనుటకంటె 'భౌతిక దూరము' అనుట మేలని తెలిపెను.

ఈ వివేకము అనుభవము వలన వచ్చినది. 2014లో పశ్చిమాఫ్రికాలో ఎబోలా వ్యాపించినపుడు శవమును కడుగు ఆచారము వలన అనేకులకు రోగము సోకెను. అయినను ఆచారమును తృణీకరించి శవములను కొనిపోయినచోట కుటుంబములు మరణములను దాచిరి. పిదప ఆ సంస్థయే మతసంస్థలతో ఆలోచించి, సురక్షితమును గౌరవప్రదమును అగు ఖననవిధానమును రూపొందించెను. మృతుని కూర్చుండబెట్టి, విభూతి పూసి, ఇష్టలింగమును చేత నుంచి సమాధి చేయు సంప్రదాయమున పెరిగినవారికి ఆ కుటుంబముల వేదనను వివరింప నక్కరలేదు. వారసత్వము వృత్తికిచ్చు వెలుగు ఇదియే.

శరణులలో వైద్య సంగణ్ణకు వైద్యమే కాయకము. కాయకమున ఎక్కువ తక్కువలు లేవు. వార్డు ఊడ్చు చేయి, మందిచ్చు చేయి, శవమును మోయు భుజము సమానములే. ఈ మాట మఠములో చెప్పుట సులభము. ఇంటిలో నిలుపుట కష్టము. అంటురోగుల వార్డులో పనిచేసిన కుమార్తె ఇల్లు చేరినపుడు, వైద్యులు చెప్పిన దినములు ఆమెను వేరుగా నుంచుట వివేకము. ఆ గడువు తీరిన పిమ్మటను ఆమెను పంక్తికి పిలువకున్నచో, ఆ యింట పాటింపబడినది ఆరోగ్యసూత్రము కాదు. బసవన్న కాదన్న సూతకమే.