ఇనాం, హక్కు

నేను విలేకరిగా చేరిన కొత్తలో మా వూళ్లో ఒక సన్మాన సభ జరిగింది. మత సామరస్యానికి కృషి చేసినందుకు మా మొహల్లాలోని ఒక రిటైర్డ్ టీచర్‌కి శాలువా, జ్ఞాపిక, వెయ్యినూటపదహార్లు ఇచ్చారు. ఆయన్ని మేమంతా మాస్టర్ సాబ్ అనేవాళ్లం. వుర్దూ మీడియం బడిలో తెలుగు చెప్పి రిటైరైన మనిషి. అంతకుముందు ఏడాది వూళ్లో గొడవలైనప్పుడు, కర్ఫ్యూ సడలించిన గంటల్లో గల్లీ పిల్లలందర్నీ తన వరండాలో కూచోబెట్టి పాఠాలు చెప్పారు. వాళ్లలో హిందువుల పిల్లలూ వున్నారు, ముస్లింల పిల్లలూ వున్నారు.

సభలో ఒక పెద్దమనిషి మాట్లాడుతూ అన్నాడు: "మాస్టారు ముస్లిం అయినా, అందరి పిల్లల్నీ తన పిల్లల్లాగే చూసుకున్నారు." చప్పట్లు మోగాయి. మాస్టర్ సాబ్ చేతులు జోడించారు.

తిరిగి నడిచి వస్తుంటే నన్నొక మాట అడిగారు. "వో 'అయినా' క్యా హై మియా?"

ముప్పయ్యేళ్లు తెలుగు వ్యాకరణం చెప్పినాయనకి 'అయినా' అంటే ఏమిటో నేను చెప్పాలా? ఆయన అడిగింది వ్యాకరణం కాదని తెలుసు. జవాబు చెప్పలేక నవ్వేసి వూరుకున్నాను. ఆ ప్రశ్న మాత్రం ఇన్నేళ్లుగా నాతోనే వుంది. ముస్లింకి సామరస్యం పేరుతో ఒక అవార్డు ఇస్తే, నిజానికి దేన్ని గౌరవించినట్టు? ఆ గౌరవం తీసుకుంటే, మనం దేన్ని ఒప్పుకున్నట్టు?

అన్న పెద్దమనిషి చెడ్డవాడు కాదు. మనస్ఫూర్తిగా మెచ్చుకున్నాడు. తిరకాసంతా అక్కడే వుంది. అదే పని ఒక హిందూ టీచర్ చేసి వుంటే "హిందువు అయినా" అనేవాడా? "మంచి మనిషి" అనేవాడు. మాస్టర్ సాబ్‌కి మాత్రం మనిషితనం కంటే ముందు మతం వచ్చి నిలబడింది. మామూలుగా ముస్లింలు ఇలా వుండరు, ఈయన వున్నాడు కనుక శాలువా కప్పుతున్నాం అనే అర్థం ఆ మూడక్షరాల వెనక దాక్కుంది. ఆ శాలువా ఒక భుజాన్ని వెచ్చగా కప్పింది. మొహల్లాలో మిగిలిన వాళ్లందర్నీ బోనులో నిలబెట్టింది. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' వచ్చినప్పుడు తెలుగు పాఠకుల్లో చాలామంది వులిక్కిపడ్డారు. మా ఇళ్లలో మాత్రం ఎవరూ వులిక్కిపడలేదు. ఆ అనుమానం మధ్య పెరిగిన వాళ్లకి అది రోజువారీ సంగతే.

నేను రెండు భాషల మధ్య బతికే మనిషిని. ఏ మాట ఎదురైనా రెండు వైపుల నుంచీ చూడటం అలవాటు. అవార్డుకి వుర్దూలో ఇనాం అంటాం. తెలుగు రైతుకి కూడా ఇనాం అనే మాట బాగా తెలుసు. ఇనాం భూములంటే పైనున్న ప్రభువు, కింద సేవ చేసిన వాడికి, తన దయ కొద్దీ ఇచ్చినవి. సేవ ఆగితే భూమి పోవచ్చు. తెలంగాణలో 1955 చట్టంతో, ఆంధ్రలో 1956 చట్టంతో భూమి ఇనాంలు రద్దయ్యాయి. మర్యాదల్లో ఇనాంలు మాత్రం ఇంకా పోలేదు.

రెండో మాట హక్కు. వుర్దూ 'హక్' నుంచి తెలుగులోకి వచ్చింది. మా భాషలో హక్ అంటే మనకు న్యాయంగా రావలసింది. హక్ అంటే సత్యం కూడా. అల్లాకున్న పేర్లలో కూడా హక్ వుంది. తెలుగులోకి వచ్చేసరికి మొదటి అర్థం మిగిలింది, రెండోది దారిలో జారిపోయింది. నా మటుకు నాకు ఆ రెండూ కలిసి వుంటేనే మానవ హక్కులు అనే మాటకి బలం. నిజం చెప్పకుండా హక్కు అడగలేం. ఇనాంని ఎవరో ఇస్తారు. హక్కు మనతో పుడుతుంది. పక్కవాడితో సమానంగా, అనుమానం లేకుండా బతకడం హక్కు. దాన్నే మంచి నడవడికకి బహుమతిగా ఇస్తే అది ఇనాం అయిపోతుంది.

అలాగని అవార్డులన్నీ బూటకమని చెప్పడం నా వుద్దేశం కాదు. కేంద్ర ప్రభుత్వం 1992లో జాతీయ మత సామరస్య ఫౌండేషన్‌ని ఏర్పాటు చేసింది. మతహింసలో దిక్కులేని వాళ్లయిన పిల్లల చదువుకి సాయం చేయడం దాని పనుల్లో ముఖ్యమైనది. ఆ సాయాన్ని తక్కువ చేసి మాట్లాడను. 1996లో సామరస్యానికి జాతీయ అవార్డులు కూడా పెట్టారు. కానీ ఆ ఫౌండేషన్ పుట్టిన ఏడాదే, డిసెంబర్ 6న, బాబ్రీ మసీదు కూలింది. ఆ నెలా మరుసటి నెలా బొంబాయి తగలబడింది. జస్టిస్ శ్రీకృష్ణ కమిషన్ లెక్క ప్రకారం 900 మంది చనిపోయారు. వాళ్లలో 575 మంది ముస్లింలు, 275 మంది హిందువులు. మిగిలిన వాళ్లలో 45 మంది ఎవరో కూడా తెలియలేదు.

జస్టిస్ శ్రీకృష్ణ తెలుగువాళ్లకి కొత్త కాదు. 2010లో తెలంగాణ సమస్యపై వేసిన కమిటీకి అధ్యక్షుడు ఆయనే. ఆచారాలు పాటించే హిందువు. అయిదేళ్లు సాక్ష్యాలు విని, 1998లో నివేదిక ఇచ్చారు. పోలీసుల పక్షపాతాన్నీ, రాజకీయ నాయకుల పాత్రనీ దాచకుండా రాశారు. అప్పట్లో మహారాష్ట్రని ఏలుతున్న ప్రభుత్వం ఆ నివేదిక హిందూ వ్యతిరేకమంటూ తోసిపుచ్చింది. నా దృష్టిలో మతాల మధ్య సంవాదం అంటే అదీ. నువ్వు మా పండక్కి రా, నేను మీ పండక్కి వస్తాను అనడం మంచిదే, వస్తాం, సేమ్యా పాయసం పెడతాం. కానీ నా ఇల్లు ఎవరు కాల్చారో చెప్పవలసి వచ్చినప్పుడు నువ్వు నోరు విప్పుతావా లేదా అన్నది అసలు పరీక్ష. దాంట్లో నెగ్గిన వాళ్లకి శాలువాలు కాదు, నిందలు దొరుకుతాయి.

ఇక్కడ అస్గర్ అలీ ఇంజనీర్ గురించి చెప్పాలి. 1939లో రాజస్థాన్‌లోని సలూంబర్‌లో దావూదీ బోహ్రా మతపెద్ద ఇంట్లో పుట్టాడు. తండ్రి దగ్గర అరబ్బీ, ఖురాన్ వ్యాఖ్యానం నేర్చుకున్నాడు. సివిల్ ఇంజనీరింగ్ చదివి బొంబాయి మునిసిపల్ కార్పొరేషన్లో ఇరవై ఏళ్ల దాకా పనిచేశాడు. విద్యార్థిగా వున్నప్పుడు 1961లో జబల్‌పూర్‌లో జరిగిన మతకలహాలు ఆయన్ని కుదిపేశాయి. ఆ తర్వాత ఎక్కడ కలహం జరిగినా వెళ్లడం, రెండు వైపులా విచారించడం, కారణాలు రాయడం జీవితకాలపు పని అయింది. ఆయన సంపాదకత్వంలో స్వాతంత్య్రానంతర మతకలహాలపై 1984లో వచ్చిన పుస్తకం హైదరాబాద్ నుంచే వెలువడింది. మతకలహం దానంతటదే రాజుకునే మంట కాదని, దాని వెనక వ్యాపారం, వోటు, స్థానిక పెత్తనం వుంటాయని ఆయన వాదన.

అదే చూపుని సొంత ఇంటి మీద కూడా పెట్టాడు. బోహ్రా పీఠం పెత్తనాన్ని ఎదిరించాడు. షాబానో తీర్పు మీద గొడవ రేగినప్పుడు, ఖురాన్ ఆధారంగానే ముస్లిం మహిళల పక్షాన మాట్లాడాడు. ఫలితం, సంఘ బహిష్కారం. ఒకసారి కాదు, చాలాసార్లు దాడులు జరిగాయి. 2000 ఫిబ్రవరిలో బొంబాయిలో ఆయన మీద చెయ్యి చేసుకున్నారు, ఇల్లూ ఆఫీసూ ధ్వంసం చేశారు. చేసింది మనవాళ్లే.

2004లో ఆయనకి రైట్ లైవ్‌లీహుడ్ అవార్డు వచ్చింది. ప్రత్యామ్నాయ నోబెల్ అని పేరున్న బహుమతి అది. యాకొబ్ ఫాన్ యుక్స్‌కుల్ తన తపాలా బిళ్లల సేకరణ అమ్మిన డబ్బుతో 1980లో దాన్ని మొదలుపెట్టాడు. దాన్ని ఆయనతో పంచుకున్నది స్వామి అగ్నివేశ్. కాషాయం కట్టిన ఈ ఆర్యసమాజి శ్రీకాకుళంలో పుట్టిన తెలుగువాడు, అసలు పేరు వేపా శ్యామ్ రావు. వెట్టి కార్మికుల విముక్తికి 1981లో సంస్థ పెట్టాడు. 1987లో రాజస్థాన్‌లోని దేవరాలాలో సతి జరిగితే ఢిల్లీ నుంచి అక్కడికి నిరసన యాత్ర కట్టాడు. 2018లో జార్ఖండ్‌లోని పాకూర్‌లో, డెబ్బయి ఎనిమిదేళ్ల వయసులో, గుంపు చేతిలో దెబ్బలు తిన్నాడు. కొట్టినవాళ్లు ఆయన మతం పేరే చెప్పుకునేవాళ్లు.

ఈ ఇద్దర్నీ పక్కపక్కన నిలబెట్టి చూస్తే నాకు ఒక సంగతి తెలిసింది. వాళ్లలో ఎవరూ అవతలి మతాన్ని పొగిడి పేరు తెచ్చుకోలేదు. ఎవరింటి చూరుకి అంటుకున్న నిప్పు గురించి వాళ్లు అరిచారు. అవతలి వాళ్ల గాయాన్నీ చూశారు. ఇంజనీర్‌కిచ్చిన అవార్డులో 'అయినా' లేదు. ఆయన ముస్లింగా వుండే మాట్లాడాడు. ఆయన ఇస్లాం ఆయన న్యాయబుద్ధికి అడ్డు కాలేదు, ఆధారమైంది.

కనుక మన వాళ్లకీ ఒక మాట. బయటివాళ్లు ఒక ముస్లింకి అవార్డిస్తే, వెంటనే "బిక్ గయా" అనేస్తాం. అమ్ముడుపోయిన వాళ్లు లేరని కాదు. మొహల్లా బాధ అడిగితే చూపు తిప్పుకుని, వేదికెక్కితే గంగా జమునా తెహజీబ్ గురించి కన్నీళ్లు పెట్టుకునే వాళ్లని నేనూ చూశాను. కానీ ఇంజనీర్ లాంటి మనిషిని కూడా అదే గాటన కట్టేశాం. బతికున్నప్పుడు ఆయనకి మనం ఇచ్చిందేమిటి? 2013లో పోయాక ఇచ్చిన నివాళులు లెక్కలోకి రావు. సొంత మనుషుల తప్పు చెప్పినవాణ్ణి మనం గౌరవించకపోతే, వాణ్ణి గౌరవించే పని బయటివాళ్లకి అప్పగించినట్టే. తర్వాత బయటివాళ్లు గౌరవించారని వాణ్ణే అనుమానిస్తాం. ఇదేం న్యాయం?

సెక్యులర్ మిత్రులకి కూడా ఒక మాట. మా దగ్గర నుంచి మీరు తరచు కోరేది సామరస్యం. మేం అడిగేది న్యాయం. ఈ రెండింటికీ వైరం లేదు, కానీ వరస వుంది. న్యాయం ముందు, సామరస్యం తర్వాత. 2015లో ఆగస్టు 30న ధార్వాడ్‌లో కల్బుర్గిని కాల్చి చంపారు. సెప్టెంబర్ 28న దాద్రీ దగ్గర అఖ్లాక్‌ని ఇంట్లోంచి లాగి కొట్టి చంపారు. ఆ రోజుల్లో నయనతార సెహగల్‌తో సహా ఎందరో రచయితలు సాహిత్య అకాడమీ అవార్డులు వెనక్కిచ్చారు. తెలుగులో కాత్యాయనీ విద్మహే ఇచ్చారు. వెక్కిరించిన వాళ్లు చాలామంది. నేను మాత్రం అవార్డు అనే వస్తువుకి వున్న గౌరవం ఏమిటో అప్పుడే చూశాను. వెనక్కివ్వగలిగిన వాళ్ల చేతిలోనే అది ఇనాం కాకుండా మిగిలింది. పుచ్చుకున్నందుకు నోరు కట్టేసుకోవలసిన అవార్డు ఎంత పెద్దదయినా ఇనామే.

మళ్లీ మాస్టర్ సాబ్ దగ్గరికి వస్తాను. ఇన్నాళ్లూ చెప్పని సంగతి ఒకటుంది.

ఆ గొడవల్లో మా మొహల్లా కుర్రాళ్లు కొందర్ని పోలీసులు ఎత్తుకుపోయారు. ఏ కేసో చెప్పలేదు. మాస్టర్ సాబ్ రోజూ టిఫిన్ డబ్బా పట్టుకుని స్టేషన్‌కి వెళ్లేవారు. తల్లుల తరఫున అర్జీలు మంచి తెలుగులో రాసేవారు. గంటలకొద్దీ బయట బెంచీ మీద కూచునేవారు. ఒకరోజు లోపలికి పిలిచి తిట్టి పంపారు. మర్నాడు మళ్లీ వెళ్లారు. పిల్లలకి పాఠాలు చెప్పడం ఎంత నిజమో ఇదీ అంతే నిజం. వేదిక మీద మొదటిది వినిపించింది. రెండోది ఎవరూ ఎత్తలేదు. ఎత్తితే ఆ శాలువా ఆయన దాకా వచ్చేది కాదేమో.

ఆ సభ వార్త రాసింది నేను. నాకు రెండూ తెలుసు. పాఠాల సంగతే రాశాను. స్టేషన్ సంగతి 'సందర్భం కాదు' అనుకున్నాను. పెద్దమనిషి మాట కూడా వున్నదున్నట్టు రాశాను. మర్నాడు పేపర్లో ఆ 'అయినా' నా చేతి మీదుగానే అచ్చయి వచ్చింది. మాస్టర్ సాబ్ చదివారు. ఏమీ అనలేదు. ఆ పేపర్ కత్తిరించి దాచుకోనూ లేదు.

ఆయన ఇప్పుడు లేరు. జ్ఞాపిక వాళ్లింట్లో అల్మారా మీద వుంది. ఆయన రాసిన అర్జీల నకళ్లు ఒక పాత సంచీలో వున్నాయని వాళ్లబ్బాయి ఈమధ్య చూపించాడు. ఒక్కో అర్జీ కిందా ఒకటే సంతకం, తెలుగులో, గుండ్రటి అక్షరాల్లో. వాటిలో ఎక్కడా దయచూడమని లేదు. ఫలానా చట్టం ప్రకారం ఈ పిల్లల్ని కోర్టులో హాజరుపరచాలి, లేదా వదిలిపెట్టాలి అని వుంది.

ఆయన చేసిన పని అది. ఆ రోజు రాయవలసిన వార్త కూడా అదే.