ముండ్లపొద నీడ

ఆళ్లగడ్డ శిల్పుల ఉలి చప్పుడు వెనుకబడి నంద్యాల హోలీ క్రాస్ దేవాలయపు శిలువ కంటబడినప్పుడెల్ల నా మనస్సు కోయిలకుంట్లకు పోవుచుండును. 1847 ఫిబ్రవరి 22వ తేదీన కుంపిణీవారు ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని ఉరితీసి, జనులు జడియుటకై ఆతని శిరస్సును కోటపై వ్రేలాడదీసిన దచ్చటనే. శిలువయు నట్టిదియే గదా! తన యధికారమునకు లోబడనివారి గతి యిట్టిదని చూపుటకై రోమక రాజ్యము నాటిన కొయ్య అది. ఆ కొయ్యమీద మరణించిన ప్రభువును ఆరాధించు నేను దానిని నాటిన రాజ్యశక్తికిని మనసార తలవంచవలయునా?

వలదనెను టాల్‌స్టాయి. కొండమీది ప్రసంగమును ఉన్నదున్నట్లు నమ్మువానికి సైన్యముతోను, న్యాయస్థానముతోను, కారాగారముతోను పొత్తు కుదరదని 1894లో వెలువడిన గ్రంథమున వాదించి, దక్షిణాఫ్రికాలోనున్న గాంధీజీ హృదయమును కదలించెను. ఆ వాదము నన్నును కదలించినది. కాని మా సీమలో అరాజకమను మాట చెవినబడినంతనే గుండె జల్లుమనును. దశరథుడు మరణించిన పిమ్మట రాజులేని దేశపు దైన్యమును వాల్మీకి వర్ణించినందువలన మాత్రమే కాదు. 1800లో నిజాము దత్తమండలములను కుంపిణీకి ధారపోసిననాడు మన్రో దొర కెదురైనవారు సుమారు ఎనుబదిమంది పాలెగాండ్రు. నరసింహారెడ్డియు పాలెగాండ్ర వంశమువాడే. పాలెగాండ్రు పోయిరి, ముఠా కక్షలు మిగిలినవి. ప్రభుత్వపు చేయి అందని పల్లెలో ఏలిక లేకపోలేదు. వానిని ప్రశ్నించుటకు తావు లేకపోయినది.

న్యాయాధిపతుల గ్రంథమున యోతాము చెప్పిన కథ కలదు. చెట్లు తమకొక రాజు కావలెనని ఒలీవను, అంజూరమును, ద్రాక్షావల్లిని వేడుకొనగా, తైలమును, తీపిని, రసమును విడిచి పెత్తనమునకు రాజాలమని అవి నిరాకరించినవి. ముండ్లపొద యొప్పుకొని, తన నీడను ఆశ్రయింపుడనియు, లేనియెడల అగ్ని పుట్టుననియు పలికినది. యౌవనమున ఆ మూడు చెట్ల వైరాగ్యమును మెచ్చుకొంటిని. ఇప్పుడు నల్లమల అంచున కంపచెట్లను చూచునపుడు, ఆ మూడింటి నిరాకరణమే పొదకు పట్టము గట్టలేదా యను శంక వేధించును. అట్లని ఒలీవను నిందింపజాలను. అది పాలనమును కాదన్నది గాని ఫలించుట మానలేదు.

గొప్పవాడు కాగోరువాడు పరిచారకుడు కావలెనని క్రీస్తు ఆజ్ఞాపించినది కైసరుకు కాదు, శిష్యులకు. కావున ఈ శోధన మొదట సంఘమునకే తగులును. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినపుడు నంద్యాల ఆంగ్లికనులు అందు చేరక, 1975 వరకు వేరుగనే నిలిచిరి. వారు బిషప్పుల పరంపరను కాదనలేదు, దానిని కాపాడుకొనుటకే నిలిచిరి; దానిని అరాజకమనుట సత్యము కాదు. అయినను ఊరిపెద్దల యెదుట తలయెత్తనీయబడని మాల మాదిగ కుటుంబములవారు ఒక మహాసభ నిర్ణయమునకు కాదని చెప్పగలుగుట నాకు చిన్న విషయముగ తోచదు.

మా జేజి ఊరిలో దాహమైనప్పుడు దోసిలి పట్టి, ఎత్తునుండి పోసిన నీరు త్రాగినది. ఆదివారమునాడు మాత్రము అందరు త్రాగు పాత్రకే పెదవి చేర్చినది. ఆ పాత్రకు ముందెవరు చేరవలయునని మా పల్లె గుడిలో మాలలకును మాదిగలకును తగవు రేగిన ఒకానొక ఆదివారము, పెద్దింటి ముసలిదానవు ముందు నడువుమని మావారు త్రోయుచుండగా, ఆమె కొంగు సవరించుకొని వరుస చివరకు పోయి నిలిచినది.