నమ్మడానికి తీర్పు కావాల్నా?

తాండాలోనో, ఎరుకల వాడలోనో, యానాదుల కాలనీలోనో ఒక ఆడబిడ్డ తన మీద జరిగిన అత్యాచారం చెప్పుకుంటే మన నోట్లోంచి వచ్చే మొదటి మాట ఏది? "ఆ దోవన ఒంటరిగా ఎందుకు పోయినావు?" రాజంపేట చుట్టూ తోటల్లో కూలికి, కట్టెలకు పోకుండా మన ఆడోళ్లకు పూట గడవదు. తెలిసీ అడుగుతాం. ఆ తర్వాత పెద్దమనుషులు కూర్చొని తప్పు ఎంత కట్టించాలో మాట్లాడుకుంటారు. ఆ బిడ్డకు ఏం కావాలో మాత్రం ఎవరూ అడగరు.

"రుజువు లేకుండా ఎట్ల నమ్మేది?" అని చదువుకున్న పిల్లలు మమ్మల్ని అడుగుతుంటారు. ఇది తోసేయగల ప్రశ్న కాదు. ఎరుకల వంటి తెగలను పుట్టుకతోనే నేరస్థులుగా రాసిపెట్టిన చట్టం దేశమంతటా రద్దయింది 1952లోనే. రుజువు లేని నింద ఎంత చెడ్డదో మనకు చెప్పాల్సిన పని లేదు. ఒకరిని జైలుకు పంపేముందు కోర్టు అనుమానించాల్సిందే. కానీ ఆస్పత్రికి తోడు పోవడానికి, అన్నం పెట్టి పక్కన పండుకోవడానికి తీర్పు ఎందుకు?

మన సీమ నుంచే ఒక కేసు ఉంది. నందికొట్కూరు నుంచి హైదరాబాదు పోయిన రమీజాబీ మీద 1978లో నల్లకుంట పోలీసులు అత్యాచారం చేసినారని, ఆమె భర్తను కొట్టి చంపినారని ఊరు అట్టుడికింది. ముక్తదర్ కమిషన్ పోలీసులదే తప్పు అనింది. అయినా విచారణలో ఆమె నడత మీద వేసిన ప్రశ్నలకు లెక్క లేదు. కేసు రాయచూరు కోర్టుకు పోయి 1981లో పోలీసులు విడుదలైనారు. మహారాష్ట్రలో మథుర అనే ఆదివాసీ పిల్ల విషయంలో సుప్రీంకోర్టు ఒంటి మీద గాయాల్లేవని పోలీసులను వదిలేసింది. దాని మీద ఆడవాళ్లు లేచినాకే 1983లో చట్టం మారింది. ఈ దేశంలో బాధితులకు తోడు నిలిచే సంఘాలు ఎక్కువగా ఇట్లాంటి తీర్పుల తర్వాతే పుట్టినాయి.

వాకపల్లి సంగతి ఇంకా దగ్గరిది. 2007 ఆగస్టు 20న గ్రేహౌండ్స్ పోలీసులు తమ మీద అత్యాచారం చేసినారని 11 మంది కోందు ఆడవాళ్లు చెప్పినారు. పదహారేండ్లు తిరిగినారు. కేసు నడుస్తుండగానే ఇద్దరు చనిపోయినారు. 2023 ఏప్రిల్ 6న విశాఖ కోర్టు నిందితులను విడుదల చేసింది. దర్యాప్తు సరిగ్గా జరగలేదని చెప్పి, ఆ ఆడవాళ్లకు పరిహారం ఇమ్మనింది. అన్నేండ్లు మానవ హక్కుల వేదిక వాళ్లు వాళ్ల వెంబడి ఉన్నారు. తీర్పు కోసం ఆగి ఉంటే ఆ పదహారేండ్లు వాళ్లకు తోడు ఎవరు?

ఇప్పుడు ప్రభుత్వ సేవ ఉంది. 2015లో మొదలైన సఖి కేంద్రాల్లో వైద్యం, పోలీసు, వకీలు, ఓదార్పు, కొద్ది రోజుల బస ఒకే చోట దొరకాలి. 181కి ఫోన్ చేయొచ్చు. ఫిర్యాదు రాయకముందే ఆస్పత్రి ఉచితంగా చూడాలి. పిల్ల పద్దెనిమిది నిండనిదైతే, విషయం తెలిసిన పంతులు చెప్పకుండా దాచడమే నేరం. (పెద్దమనుషుల పంచాయితీ అయిపోయింది కదా అని ఊరుకునే అయ్యవార్లు దీన్ని రెండుసార్లు చదవండి.) కానీ ఆ కేంద్రం ఉండేది జిల్లా కేంద్రంలో. తాండా నుంచి రోడ్డు దాకా నడక, ఆపైన బస్సు. ఆ బిడ్డ ఒక్కతే పోలేదు.

అత్యాచారాల నిరోధక చట్టం నిబంధనలు ఈ మాట గుర్తించినాయి. బాధితురాలు తనకు ఇష్టమైన మనిషిని తోడు తెచ్చుకోవచ్చు, ఆ మనిషికీ దారి ఖర్చు, బత్తెం ఇవ్వాలి. అయితే ఆ చట్టం తప్పు చేసినవాడు బయటివాడైతేనే పనిచేస్తుంది. వాడు మన తాండావాడే, మన మామ కొడుకే అయితే ఆ ఖర్చు ఎవరూ ఇవ్వరు. పొద్దున ఆరు గంటల బస్సుకు ఆ బిడ్డ పక్కన ఎవరు ఎక్కాలో అప్పుడు మనమే తేల్చుకోవాలి.