వాకిట మండలము

ధనుర్మాసము వచ్చినదన్న తెలుగు వాకిళ్ళకు క్రొత్త కళ వచ్చును. తిరుమలలో శ్రీవారి సన్నిధిని సుప్రభాతమునకు మారుగా గోదాదేవి తిరుప్పావై వినిపించు ఆ తెల్లవారుజామున, ఊరూర ఇల్లాండ్రు మేలుకొని, వాకిలి ఊడ్చి, కళ్ళాపి చల్లి, ముగ్గు పెట్టుదురు. పంచాంగము చూడనేరని బాలికకైనను వీధిలోని ముగ్గులు చూచినంతనే నెల పట్టినదని తెలియును. ఇంత నిత్యమైన పని గనుకనే దీనిని మనము ఇంటిపనులలో ఒకటిగా ఎంచి ఊరకుందుము. ఇది పనియా, కళయా, ఆరాధనమా? దీని వలన మనస్సునకు కలుగు శాంతి ఎక్కడినుండి వచ్చుచున్నది? ఈ పుణ్యమాసమున ఈ విషయమును కొంత విచారింతము.

ముందుగా ఆగమము మాట. పాంచరాత్ర ఆగమమున మండలమునకు గొప్ప స్థానము కలదు. సాత్త్వతము, పౌష్కరము, జయాఖ్యము అను మూడు సంహితలను పెద్దలు రత్నత్రయమని కొనియాడుదురు. అందు పౌష్కర సంహిత మండల రచనను మిక్కిలి విస్తరించి చెప్పినది. పాద్మ సంహిత మొదలగువానియందు వర్ణింపబడిన చక్రాబ్జ మండలము వైష్ణవులకు సుపరిచితము. పేరులోనే దాని స్వరూపమున్నది. నడుమ పద్మము, దానికి కర్ణిక, దళములు. పద్మము చుట్టును చక్రము; దానికి నాభి, అరలు, నేమి. వెలుపల చతురస్రము, నాలుగు దిక్కులను ద్వారములు. నేలను శుద్ధిచేసి, సూత్రము పట్టి గీతలు దిద్ది, రంగురంగుల పొడులతో దానిని నింపుదురు. పిమ్మట ఆ పద్మమునందు భగవానుని ఆవాహన చేసి అర్చింతురు.

దీక్షాసమయమున శిష్యుని కన్నులకు వస్త్రము కట్టి మండలము చెంత నిలిపి, అతనిచేత పుష్పము వేయింతురు. ఆ పుష్పము ఎచ్చట పడునో దానిని బట్టి అతనికి భగవన్నామము కలుగును. ఎంత భావగర్భితమైన విధి! అంత శ్రమించి రచించిన మండలము ఎదుట శిష్యుడు కన్నులు మూసికొని నిలువవలెను. పువ్వు వేయుట వరకే అతని వంతు. అది ఎచ్చట వ్రాలునో నిర్ణయించువాడు వేరొకడు. అర్చన ముగిసిన పిదప స్వామికి ఉద్వాసన చెప్పుదురు. ఆ రంగుల పొడి మరల వట్టి పొడియే యగును.

ఆలయమునందలి ఈ మండలమునకును మన వాకిటి ముగ్గునకును నడుమ వంతెనవలె నిలిచిన తల్లి గోదాదేవి. తిరుప్పావై ముప్పది పాశురములు ఎరుగని వైష్ణవ గృహము లేదు. ఆమెయే అనుగ్రహించిన నాచ్చియార్ తిరుమొழి 143 పాశురముల గ్రంథము. దాని మొదటి పాశురముననే ఆ తల్లి తై మాసమంతయు నేలను శుభ్రపరచి మండలము వేయుటను, మాసి మాసపు తొలి దినములలో సన్నని ఇసుకతో వీధిని అలంకరించుటను పేర్కొన్నది. దేనికొరకు? వేంకటాచలపతితో తనను చేర్పుమని మన్మథుని వేడుకొనుటకు. అనగా ఆ మండలము వేంకటేశ్వరుని కొరకు పరచిన త్రోవ. రెండవ దశకమున గోపబాలికలు ఇసుకతో చిన్న చిన్న ఇండ్లు కట్టుకొని, వానిని చెరుపవలదని కృష్ణుని బ్రతిమాలుదురు. నేలపై వేసినది చెరిగిపోవునని ఆమెకు తెలియును. చెరుపువాడు ఎవడన్నదే ఆమెకు ముఖ్యము.

ఇక మన ముగ్గు. ఏడు చుక్కలు, సందు చుక్కలు, నాలుగు వరకు అని మన తల్లులు చెప్పు లెక్కను ఒకసారి పరికింపుడు. నడిమి వరుసలో 7, దానికి ఇరువైపుల 6, 5, 4. మొత్తము 37 చుక్కలు. చూపుడువ్రేలికిని బొటనవ్రేలికిని నడుమ పట్టిన పిండి సమముగా జారవలెను. తొందరపడినచో గీత లావగును, సంకోచించినచో తెగును. మెలిక ముగ్గులో గీత ఏ చుక్కను తాకక, ఏ చుక్కను విడువక, అన్నింటిని చుట్టి బయలుదేరిన చోటికే వచ్చి కలియవలెను. ఒక్క చుక్క తప్పినను మెలిక కుదరదు. అందుచేత వేయుచున్నంతసేపు నిన్నటి తగవు గాని రేపటి అప్పు గాని మదిలో మెదలదు. నడుము వంగియున్నది, చేయి కదలుచున్నది, శ్వాస దానంతట అదియే నెమ్మదించును. చంచలమైన మనస్సును అభ్యాసముచే నిలుపవలెనని గీతాచార్యుడు ఉపదేశించిన దానిని, మన ఇల్లాండ్రు పిడికెడు పిండితో అభ్యసించుచున్నారు.

ఈ విషయము నేడు లోకమంతయు గ్రహించుచున్నది. స్విట్జర్లాండు దేశపు మనస్తత్వ శాస్త్రజ్ఞుడు కార్ల్ యూంగ్ 1918-19 ప్రాంతమున ప్రతి ఉదయము ఒక పుస్తకములో వలయాకార చిత్రమొకటి గీయుచు, ఆ దినపు తన మనఃస్థితిని అందులో చూచుకొనుచుండెను. ఈనాడు పట్టణములలో కంపాసుతో కాగితముపై మండలములు గీసి, రంగులు నింపి, ఊరట పొందువారు అనేకులు. ఇది మంచిదే. కాని ఒక భేదము గమనింపవలెను. ఆ చిత్రము గీసినవానికి అద్దము వంటిది. అందులో తన ముఖము తాను చూచుకొనును. మన ముగ్గు ఆసనము వంటిది. దానిపైకి వేరొకరిని ఆహ్వానించుచున్నాము. అద్దములో నేడు ప్రశాంతత కనిపింపవచ్చును, రేపు కలత కనిపింపవచ్చును. వచ్చువాడు స్వామి అన్న నమ్మకము కలిగినచో, వేసినవారి మనస్సు కలతపడియున్నను ఆసనమునకు లోపము లేదు.

ఈ సంగతి నాకు మా తల్లి నేర్పినది. నాకు ఏడెనిమిదేండ్ల ప్రాయమున, భోగినాడు గోదా కల్యాణమైన పిదప మా ఊరి వేణుగోపాలస్వామి అమ్మవారితో పల్లకిలో వీధికి వేంచేసిరి. ఆ దినమున అమ్మ జాముసేపు శ్రమించి వాకిలి నిండ ముగ్గు వేసినది. పల్లకి మా వాకిట ఆగినది, హారతి యైనది, బోయీలు ముందుకు సాగిరి. చూతును గదా, ముగ్గంతయు అడుగుల క్రింద చెదరిపోయినది. నాకు ఏడుపు వచ్చినది.

"అమ్మా, బోయీలు మన ముగ్గు తొక్కేశారు!" అంటిని.

"తొక్కనీ నాన్నా. స్వామి వస్తాడనే కదా వేశాను. వచ్చి వెళ్ళాడు. ఇంక ముగ్గెందుకు?" అని అమ్మ నవ్వినది.

గీత పదునెనిమిదవ అధ్యాయము 4వ శ్లోకమున త్యాగము మూడు విధములని భగవానుడు సెలవిచ్చెను. శ్రీ భగవద్రామానుజులు తమ భాష్యమున ఆ మూడింటిని విప్పి చెప్పిరి. ఫలము నాది కాదనుట మొదటిది. ఈ కర్మ నాది అను మమతను విడుచుట రెండవది. చేయువాడను నేనే అను కర్తృత్వ బుద్ధిని విడుచుట మూడవది. కర్మను మానివేయుట త్యాగము కాదు. చేయుచునే ఈ మూడింటిని విడువవలెను. అందుకే శ్రీవైష్ణవులు అనుష్ఠానమునకు ముందును వెనుకను, దీనిని స్వామియే తన ప్రీతికొరకు నాచేత చేయించుచున్నాడని అనుసంధించుకొందురు. చెదరిన ముగ్గును చూచి నవ్విన మా తల్లి భాష్యము చదువలేదు. ఆమె నవ్వులో మాత్రము ఆ మూడు త్యాగములును ఉన్నవి. శాంతి గీతలో లేదు, రంగులో లేదు. ఈ విడుచుటలో ఉన్నది.

ఇచ్చట నా అపరాధమొకటి విన్నవించుకొనక తప్పదు. నాకు ఇరువదియారేండ్ల వయస్సున మా తండ్రిగారు పరమపదించిరి. సంవత్సరీకములైన పిదప వచ్చిన ధనుర్మాసమున అమ్మ అలవాటు చొప్పున నాలుగు గంటలకే లేచి ముగ్గు గిన్నె చేతికి తీసికొన్నది. మా మేనత్త అడ్డు వచ్చి, "వదినా, ఇకమీదట వాకిట్లో ముగ్గు కోడలు వేస్తుంది. నువ్వు వేయకూడదు" అన్నది. ఆమె చెడ్డది కాదు. తాను విన్న మాటయే చెప్పినది. అమ్మ నా వంక చూచినది. నేను పెద్దల మాట యని తల వంచుకొంటిని. అమ్మ మారు మాటాడక గిన్నెను నా భార్య చేతికిచ్చి లోనికి వెళ్ళినది. ఆ నెల తిరుప్పావై వినుచు కూర్చున్నపుడు ఒడిలో ఆమె రెండు వ్రేళ్ళు పిండి జార్చుచున్నట్లు కదలుచుండుట నేను చూచితిని. చూచియు ఊరకుంటిని.

కొన్ని దినముల పిదప ఒక వేకువను పెరటిలోనికి వెళ్ళితిని. తులసికోట ముందు దీపము వెలుగుచున్నది. అమ్మ వంగి ముప్పదియేడు చుక్కల ముగ్గు ముగించుచున్నది. ఏడాదిగా ఆమె మోమున కానరాని నెమ్మది అపుడు కనిపించినది. నా అడుగుల చప్పుడు విని ఆమె ఉలికిపడి, ముగ్గును చెరుపుటకు అరచేయి చాచినది. పల్లకి సాగిన పిదప చెదరిన ముగ్గును చూచి నవ్విన తల్లి, కన్నకొడుకును చూచి భయపడి తన ముగ్గును తానే చెరుపబోయినది! వలదమ్మా అని ఒక్క మాట అనవలసినది. నేను చూడనట్లు వెనుదిరిగి వచ్చితిని. అటు పిమ్మట జీవించిన పండ్రెండేండ్లును ఆమె పెరటిలోనే ముగ్గు వేసినది. స్వామి కొరకు చెదరనిచ్చుట త్యాగము. లోకమునకు వెరచి చెరుపుకొనవలసి వచ్చుట త్యాగము కాదు. అది మనము పెట్టిన బాధ. ఈ భేదము నాకు తెలియునప్పటికి అమ్మ లేదు.

అందుచేత అడుగుచున్నాను: ముగ్గు వేయుటకు అధికారమెవరికి? మండలము వేసిన గోదాదేవి అప్పటికి కన్య. ఆ మండలము ఐదవతనమునకు గుర్తుగా వేసినది కాదు. స్వామిపై గల ప్రేమకు గుర్తుగా వేసినది. శరణాగతికి కులము, లింగము, స్థితి అడ్డుకావని మన పూర్వాచార్యులు చాటిరి. తన్నే సమర్పించుకొనుటకు అందరికిని అధికారమున్నపుడు, పిడికెడు పిండి సమర్పించుటకు కొందరికి లేదనుట ఎట్లు పొసగును? మీ ఇంట అట్టి తల్లియో, అత్తయో, అక్కయో ఉన్నచో, ఈ ధనుర్మాసమున ముగ్గు గిన్నెను మీరే ఆమె చేతికి అందింపుడు. పెరటిలో కాదు, వాకిట.

ఇక ఆచరణలో రెండు మాటలు. పెద్ద ముగ్గు వేయలేకపోతిమని చింతింపవలదు. అపార్ట్‌మెంటు గడప ముందు జానెడు చోటున్నను నాలుగు చుక్కలు చాలును. వరిపిండి వాడినచో చీమలకు ఆహారమగును. రంగుతో శాశ్వతముగా వేసినదియు, అంటించిన స్టిక్కరును చూచుటకు బాగుండవచ్చును. ప్రతిదినము వేసి ప్రతిదినము విడుచు భాగ్యము మాత్రము వానిలో లేదు. నడుము వంగని వృద్ధులు కాగితముపై గీసికొని స్వామి పటము ముందుంచవచ్చును. మొదలిడునపుడు ఒక నామము, ముగించునపుడు ఒక నమస్కారము. అంతటితో అది ఆరాధనమగును. పొరుగింటి ముగ్గు మనకంటె బాగున్నదను అసూయ పుట్టినచో, కనుమనాటి రథము ముగ్గును తలచుకొనుడు. ఆనాడు ప్రతి ఇంటి ముందును రథము గీసి, దాని త్రాటిని ప్రక్క ఇంటి రథము వరకు లాగి కలుపుదురు. వీధిలోని రథములన్నియు ఒక్క త్రాటిపై సాగును. లాగువారు ఎందరైనను వేంచేయు స్వామి ఒక్కడే.

మధ్యాహ్నమునకు ముగ్గు చెదరిపోవును. పిల్లల పాదములు, బండ్ల చక్రములు, గాలి, ఎండ తమ తమ వంతు తీసికొనును. మరునాడు వేకువను వాకిలి మరల ఎదురుచూచుచుండును. వేసినవారు స్వామి కొరకు వేసిరి. స్వామి ఏ పాదముతో వచ్చెనో మనకు తెలియదు. ఆ ఎదురుచూపు నిలిచిన ఇంట అలజడి చాలకాలము నిలువదు.

సర్వం శ్రీకృష్ణార్పణమస్తు.